డిపాజిట్ రద్దు చేసి, అప్పు తెచ్చి గాలిమర పెట్టకండి

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఎలక్ట్రానిక్స్ రిపేరు దుకాణం, ఎకరం కొబ్బరి తోట ఉన్నాయి. ఇంటికి గాలిమర పెట్టాలని, దాని బ్యాటరీ మితిమీరి ఛార్జ్ కాకుండా చూసే ఛార్జ్ కంట్రోలర్‌ను మైక్రోకంట్రోలర్‌ (ప్రోగ్రాం రాసుకోగల చిన్న చిప్)తో నేనే తయారు చేయాలని అనుకుంటున్నాను. కంట్రోలర్‌కు రూ.4,000తో కలిపి మొత్తం రూ.1,30,000 అవుతుంది, ఖర్చుల పట్టిక జత చేశాను. బ్యాంకులోని రూ.70,000 డిపాజిట్ రద్దు చేసి, మిగతా రూ.60,000 రెండు రూపాయల వడ్డీకి తేవచ్చా? మా నెల ఖర్చు రూ.22,000.

జవాబు: తేవద్దు. కంట్రోలర్ తయారీ మీకు చేతనైన పనే, కానీ సరదా పడిన పనిని పెట్టుబడిగా లెక్కవేసి అప్పుకు వెళ్లడం చాలామంది చేస్తున్న పొరపాటు. రెండు రూపాయల వడ్డీ అంటే మీరు ఏడాదికి రూ.14,400 కట్టాలి. మీ పట్టికలో రాసిన 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీలో పట్టేదే 1.8 యూనిట్లు, అది నాలుగు కాలాలు మన్నాలంటే అందులో సగానికి మించి వాడకూడదు. రోజుకు ఒక యూనిట్ వచ్చినట్టు, దాని ధర ఆరు రూపాయలైనట్టు ఉదారంగా లెక్క కట్టినా ఏడాదికి ఆదా అయ్యేది రూ.2,190 మాత్రమే. గాలి వేగం సగానికి తగ్గితే అందులోని శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది కనుక అంత ఆదా కూడా ఏడాది పొడవునా ఉండదు.

మీ ఖర్చుల పట్టికలో డంప్ లోడ్, అంటే బ్యాటరీ నిండాక మిగులు కరెంటును మళ్లించే ఏర్పాటు, కనిపించలేదు. బ్యాటరీ నిండి 14.4 వోల్టులకు చేరినప్పుడు సోలార్ ప్యానెల్‌ను విడదీసినట్టు గాలిమరను విడదీస్తే, లోడు పోయిన రెక్కలు అదుపు తప్పి తిరుగుతాయని మీకు తెలియనిది కాదు. మర పూర్తి శక్తిని వేడిగా మార్చే రెసిస్టర్లు, ఆ కరెంటును తట్టుకునే మాస్‌ఫెట్లు (స్విచ్చుల్లా పనిచేసే ట్రాన్సిస్టర్లు), వాటికి హీట్‌సింకులు, కంట్రోలర్ ఆగిపోయినా పనిచేసే బ్రేకు స్విచ్చి కొనాల్సి ఉంటుంది. ఇలాంటి మరిచిపోయిన సామాను కోసమే రెండో అప్పు చేయాల్సి వస్తుంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆ డిపాజిట్. ఆపదలో ఆదుకోవడానికి ఆరు నెలల ఖర్చుకు రూ.1,32,000 ఉండవలసిన చోట మీ దగ్గర ఉన్నది మూడు నెలలకు సరిపడా డబ్బే, దాన్నీ తీసేస్తానంటున్నారు. 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకు కోనసీమ తోటలు ఎలా పడిపోయాయో మీ పెద్దలను అడగండి. మొవ్వు విరిగిన కొబ్బరి చెట్టు మళ్లీ కాయదు, దేశవాళీ మొక్క నాటితే కాపుకు ఆరేడేళ్లు ఆగాలి. అలాంటి తుఫాను వస్తే కరెంటు లేక మీ దుకాణమూ మూతపడుతుంది, అంటే మీ రెండు ఆదాయాలూ ఒకే రోజున ఆగిపోతాయి, వడ్డీ మాత్రం ఆగదు.

ఇంటికి భారత్ గృహ రక్ష అనే బీమా పాలసీ లేకపోతే ముందు అది తీసుకోండి, అందులో తుఫాను, వరద నష్టాలు కూడా ఉంటాయి. గాలిమర అంటే స్తంభం ఎక్కే పని కాబట్టి, ఏడాదికి రూ.20తో వచ్చే ప్రమాద బీమా అయిన ప్రధానమంత్రి సురక్షా బీమాలో వెంటనే చేరండి. కరెంటు బిల్లే మీ బాధ అయితే కేంద్ర ప్రభుత్వ సూర్యఘర్ పథకం కింద ఇంటి పైకప్పుపై పెట్టే 2 కిలోవాట్ల సోలార్‌కు రూ.60,000 రాయితీ ఉంది, గాలిమరకు అది వర్తించదు.

కంట్రోలర్‌కు కావలసిన రూ.4,000 దుకాణం మిగులులోంచి పెట్టుకోండి. పాత బ్యాటరీ, బెంచి సప్లై, ఒక కారు బల్బు పెట్టి 14.4 వోల్టుల దగ్గర కరెంటు డంప్ లోడ్‌కు సరిగ్గా మళ్లుతోందో లేదో పరీక్షించండి. డిపాజిట్‌ను కదపకుండా నెలకు రూ.3,000 రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే 21 నెలల్లో ఆరు నెలల ఖర్చుకు తక్కువైన రూ.62,000 లోటు పూడుతుంది, గాలిమరకు డబ్బు కూడబెట్టడం ఆ తరువాత మొదలుపెట్టండి.