మూకుడు తెమ్మంటే బాణలి తెచ్చాను, తప్పు నాదేనా?

ప్రశ్న: మేముండేది బెంగళూరు మారతహళ్లిలో, అపార్ట్‌మెంట్. నాది కాకినాడ, అత్తగారిది కడప దగ్గర పల్లెటూరు. మొన్న ఆదివారం గారెలకి నూనె పెట్టి, అమ్మ ఫోన్ చేస్తే మాట్లాడుతూ బాల్కనీలోకి వెళ్లిపోయాను. తిరిగొచ్చేసరికి బాణలిలో మంట, జానెడు ఎత్తున. అత్తగారు "మూకుడు తీస్కరా" అని కేక. నాకు మూకుడంటే బాణలే కదండీ, పరుగెత్తి రెండో బాణలి తెచ్చాను. మావారు మంచినీళ్ల క్యాన్ ఎత్తారు. అత్తగారే ఆయన్ని పక్కకి తోసి ఇడ్లీపాత్ర మూత బోర్లించి ఆర్పారు. అప్పట్నుంచి అందరూ నన్నే అంటున్నారు. మీరే తేల్చండి.

జవాబు: పొయ్యి మీద నూనె పెట్టి బాల్కనీకి వెళ్లడం తప్పే, అక్కడ మిమ్మల్ని వెనకేసుకురాలేను. మూకుడి విషయంలో మాత్రం మీరు నిర్దోషి. కుండ మీద బోర్లించే మట్టిమూతనీ మూకుడే అనేవారు, అత్తగారి నోట ఆ పాతమాట వచ్చింది, మీ చెవికి బాణలి వినిపించింది. పోపు, తాలింపు, తిరగమోత అని ఒక్క ఆవాలు చిటపటలాడే పనికే మూడు పేర్లు పెట్టుకున్న జాతి మనది, పైగా బెంగళూరొచ్చాక ఒగ్గరణె కూడా నేర్చుకున్నాం. మంటలొచ్చినప్పుడైనా అందరం "మూత" అనే అందాం.

అసలు ముద్దాయి మీ వారు. ఆ క్యాన్ ఒంపి ఉంటే నీళ్లు నూనెకన్నా బరువు కాబట్టి అడుక్కి దిగి, ఆ వేడికి ఒక్కసారిగా ఆవిరైపోయేవి. లీటరు నీళ్లు ఆవిరైతే దాదాపు 1,700 లీటర్ల చోటు కావాలి. ఆ ఆవిరి మండే నూనెని ఎత్తి కప్పు దాకా చిమ్మేది. అత్తగారు చేసినట్టు మూత పక్కనుంచి జరిపి మూసి, చెయ్యి అందితే గ్యాస్ కట్టేసి, చల్లారేదాకా మూత తీయకుండా ఉండటమే పని. బాణలి పట్టుకుని సింకు వైపు నడవకూడదు. చిమ్నీ ఆన్ చేయకూడదు, జిడ్డు పట్టిన ఫిల్టర్ మంటని పైకి లాక్కుంటుంది. ఉప్పు, వంటసోడా పర్లేదు. తెల్లగా ఉంది కదా అని మైదాపిండి చల్లారా, అదీ అంటుకుంటుంది.

ప్రశ్న: ఎదురింటి బెంగాలీ ఆవిడ పొగ వచ్చేదాకా నూనె కాచి అప్పుడు చేప వేస్తారు. మాకు ఇక్కడ టెన్షన్. ఆవిడకి చెప్పాలా?

జవాబు: చెప్పకండి, ఆవిడకి తెలిసే చేస్తున్నారు. ఆవనూనె ఘాటు పోవాలంటే పొగ చూపించాల్సిందే, అది దాదాపు 250 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. రిఫైన్ చేసిన వేరుశనగనూనె 230 దగ్గర పొగ పడుతుంది. కేరళవాళ్ల గానుగ కొబ్బరినూనె, తమిళుల నల్లెణ్ణై, అంటే మన నువ్వులనూనె, 175-180కే పొగలు కక్కుతాయి. కాబట్టి ఆవిడని చూసి మీరు నువ్వులనూనెని కాచకండి. ఏ నూనెకైనా మంట కన్నా ముందు పొగ వస్తుంది, అప్పుడు కట్టేస్తే మంట దాకా రాదు.

ప్రశ్న: గ్యాస్ వాసన వస్తే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయాలా?

జవాబు: ఏ స్విచ్చీ ముట్టుకోకండి, వేయడమే కాదు, ఆపడం కూడా వద్దు. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తీసి, బయటికొచ్చి గ్యాస్ లీకు హెల్ప్‌లైన్ 1906కి ఫోన్ చేయండి. సిలిండర్ గ్యాస్ గాలికన్నా బరువు, నేల మీదే ఉండిపోతుంది. పైపుల్లో వచ్చేది తేలిక, పైకి పోతుంది.

ప్రశ్న: ఇన్ని చెబుతున్నారు, మీ ఇంట్లో ఎప్పుడూ అంటుకోలేదా?

జవాబు: అడిగేశారు. బెంగళూరొచ్చిన కొత్తలో పచ్చడికి ఎండుమిర్చి వేయిస్తే ఆ ఘాటు కారిడార్ అంతా పాకి, నాలుగిళ్లవాళ్లూ దగ్గుతూ బయటికొచ్చారు. సెక్యూరిటీ అతను మంటలార్పే ఎర్ర సిలిండర్ భుజాన వేసుకుని "బెంకి ఎల్లి?" అంటూ పైకెక్కాడు. నిప్పు లేదు, పచ్చడే అని చెప్పి ఓ గిన్నెలో పెట్టి పంపాను. రెండు నెలల తర్వాత పొయ్యి పక్కనున్న తువ్వాలు నిజంగానే అంటుకుంది, పొగ మళ్లీ కారిడార్‌లోకి వెళ్లింది, ఎవ్వరూ రాలేదు. సింకులో పడేసి కుళాయి తిప్పి నేనే ఆర్పుకున్నాను. నూనె కాదు, ఉత్త గుడ్డే, అందుకే నీళ్లు పోశాను. సాయంత్రం లిఫ్టులో కనిపించిన పక్కింటావిడ మాత్రం ఈసారి పచ్చడి పంపలేదేమని నిష్ఠూరమాడారు.