డంప్ యార్డ్ ఖర్చుల మీద అనుమానం ఉంటే ముందు కాటా చీటీలు అడగండి

మీ ఊరి డంప్ యార్డ్‌లో కోట్లు పెట్టి బయోమైనింగ్ చేయిస్తున్నామని మున్సిపాలిటీ చెబుతోంది, గుట్ట మాత్రం తగ్గడం లేదు, ఎవరిని ఏం అడగాలి అని రాశారు. మా కాలనీకీ డంప్ యార్డ్‌కీ మధ్య ఒక వాగే అడ్డం. నాలుగేళ్లుగా ఇదే పని మీద తిరుగుతున్నాం కాబట్టి మేం చేసింది చెబుతాను.

మొదట్లో మేం వాసన గురించే అర్జీలు పెట్టాం. పెట్టినప్పుడల్లా బ్లీచింగ్ చల్లి, రెండు ట్రాక్టర్ల మట్టి పోసి వెళ్లేవాళ్లు. ఒక వేసవిలో గుట్ట అంటుకుని మూడు రోజులు పొగ వచ్చింది. మా అమ్మకు ఆయాసం. ఆ మూడు రాత్రులూ ఆమె పడుకోలేదు, మేమూ పడుకోలేదు. ఆ తర్వాతే కాలనీ వాళ్లం కూర్చుని, ఇక డబ్బు లెక్క అడుగుదాం అనుకున్నాం.

బయోమైనింగ్ అంటే పాత చెత్తను తవ్వి, ఆరబెట్టి, ట్రామెల్ అనే తిరిగే జల్లెడలో వేసి మట్టి, రాళ్లు, ప్లాస్టిక్ వేరు చేయడం. ప్లాస్టిక్, గుడ్డపీలికలు ఆర్‌డీఎఫ్ (చెత్త నుంచి తీసిన ఇంధనం) పేరుతో సిమెంట్ ఫ్యాక్టరీలకు వెళ్లాలి. మీ కాంట్రాక్టులో ఉన్నది ఇదేనా, క్యాపింగ్ ఉందా అన్నది ముందే చూసుకోండి. క్యాపింగ్‌లో గుట్ట పోదు, మీద కప్పేస్తారు. హైదరాబాద్ జవహర్‌నగర్‌లో పాత చెత్తకు చేసింది అదే.

బయోమైనింగ్ బిల్లు సాధారణంగా టన్నుల మీద ఉంటుంది. 2021లో మొదలైన స్వచ్ఛ భారత్ మిషన్ రెండో దశలో పాత చెత్తకు టన్నుకు 550 రూపాయల ఖర్చు లెక్కగట్టారు. గుట్టను సర్వే చేసి ఎన్ని ఘనపు మీటర్లో తేల్చి, దాన్ని సాంద్రతతో, అంటే ఒక ఘనపు మీటరు చెత్త ఎన్ని టన్నులుంటుందో దానితో, హెచ్చిస్తే టన్నులు వస్తాయి. లక్ష ఘనపు మీటర్ల గుట్టకు సాంద్రత 0.1 ఎక్కువ వేస్తే 10 వేల టన్నులు పెరుగుతాయి. అంటే 55 లక్షల రూపాయలు. ఒకవేళ కాటా తూకం మీదే బిల్లు పెడుతుంటే, వానాకాలంలో తూచిన చెత్తలో నీళ్ల బరువుకూ మనమే కడుతున్నట్టు.

అందుకే సమాచార హక్కు చట్టం కింద ఇవి అడిగాం: పని మొదలుకాక ముందు, తర్వాత చేసిన సర్వే రిపోర్టులు, వేసిన సాంద్రత, ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) కాపీలు, కాటా చీటీలు, ఆర్‌డీఎఫ్ అందుకున్నట్టు ఫ్యాక్టరీ ఇచ్చిన రసీదులు. ఎందుకు అడుగుతున్నారో చెప్పాల్సిన పని లేదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తర్వాత 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి. మాకు అప్పీలు వేశాకే కదలిక వచ్చింది. కాపీలతో ఆగకండి. సెక్షన్ 2(జె) ప్రకారం పనినీ, రికార్డులనూ స్వయంగా చూసే హక్కు కూడా మనకుంది. మేం ఆఫీసులో ఒక పూటంతా కూర్చుని చీటీలన్నీ తిరగేశాం. 100 కిలోమీటర్ల పైన ఉన్న ఫ్యాక్టరీకి ఒకే లారీ గంట తేడాతో రెండుసార్లు బయల్దేరినట్టు ఉంది. అలాంటివి 11 దొరికాయి.

అవి జత చేసి కలెక్టరేట్‌లో ఇచ్చాం. ఎవరినీ దొంగ అనలేదు, తేదీలు, బండి నంబర్లు మాత్రమే రాశాం. తర్వాతి బిల్లు ఆపి మళ్లీ సర్వే చేయించారు. గుట్ట సగం ఇంకా అక్కడే ఉంది, పని మెల్లగా నడుస్తోంది. కానీ ఇప్పుడు కాటా రిజిస్టర్ అడిగితే చూపిస్తున్నారు.

నీళ్ల సంగతి మాత్రం ఆలస్యం చేయకండి. మేం చేసిన తప్పు అదే. బోరు నీళ్లు లేత టీ రంగుకు తిరిగాక టెస్ట్ చేయించాం, అంతకుముందు ఎలా ఉండేవో కాగితం మీద లేకపోవడంతో, ఇది లీచేట్ (చెత్తలోంచి ఊరే మురికి నీరు) వల్లేనని చూపించలేకపోయాం. వానలకు ముందొకసారి, తర్వాతొకసారి ల్యాబ్‌కు పంపి రిపోర్టులు దాచుకోండి.

ఇంకొకటి. యార్డ్‌లో చెత్త ఏరుకునేవాళ్లతో మాట్లాడండి. ట్రామెల్ ఎన్ని రోజులు ఆగిందో, ఏ రాత్రి ఏ లారీ వచ్చిందో మాకు చెప్పింది వాళ్లే. వాళ్ల బతుకు ఆ యార్డ్ మీదే ఉంది కాబట్టి, అర్జీలో ఎక్కడా వాళ్ల పేర్లు రాయకండి.