ఏడుపు మొహం లేకుండా దుఃఖం: కొల్లాజ్ ప్రశ్నలు

ప్రశ్న: దుఃఖం మీద ఫొటో కొల్లాజ్ చేస్తున్నాను. ఏడుస్తున్న ముఖం, కన్నీళ్లు, పగిలిన గాజులు అన్నీ పెట్టినా సినిమా పోస్టర్‌లానే ఉంటోంది. అధివాస్తవిక (సర్రియలిస్టు) చిత్రకారుడు డాలీ వట్టి ముఖాలతోనే పారవశ్యం చూపించాడంటారు, ఎలా?
– పాఠకురాలు, విజయనగరం

జవాబు: వట్టి ముఖాలు కావండీ. 1933 డిసెంబరులో పారిస్ పత్రిక ‘మినోటార్’ 3-4 సంచికలో వచ్చిన ఆ కొల్లాజ్‌లో, తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్న స్త్రీల ముఖాల పక్కన వరసగా చెవులున్నాయి. నేరస్థుల్ని గుర్తుపట్టడానికి పోలీసు అధికారి బెర్తియోన్ తయారుచేసిన ఫొటోల్లోవి. చెవి ఏడవదు, నవ్వదు. మనిషికో తీరుగా ఉంటుంది కాబట్టే పోలీసులకు పనికొచ్చింది. ఏ భావమూ లేని ఆ చెవుల మధ్య ముఖాలు మరింత వశం తప్పినట్టు కనిపిస్తాయి.

మీ కొల్లాజ్‌లో ముక్కలన్నీ ఒకే మాట చెబుతున్నాయి. కన్నీళ్లూ గాజులూ తీసేయండి. మామూలుగా ఉన్న ముఖం ఒకటి తీసుకుని నలుపు-తెలుపులో నాలుగు ప్రింట్లు తీయించండి. మెడ, జుట్టు, వెనకాల గోడ ఏవీ మిగలకుండా నుదురు నుంచి గడ్డం దాకా కత్తిరించండి. మెడ ఉంటే తల ఎటు నిలబడిందో కన్ను పట్టేస్తుంది, వాలినట్టు అనిపించదు. ఒకటి నిటారుగా ఉంచి, మిగతావి 20, 45, 90 డిగ్రీలు తిప్పి పెట్టి చూడండి. పక్కకు వాలేసరికి అదే ముఖం నిద్రో, మూర్ఛో అనిపిస్తుంది. పూర్తిగా తలకిందులు చేయకండి, భావమే అందదు. వీటి చుట్టూ చెవిలాంటి, ఏ భావమూ లేని వస్తువు ఒక్కటే, ఒకే సైజులో అయిదారుసార్లు రావాలి. తాళంచెవి, బొత్తాం, ఏదైనా సరే.

తెలిసినవాళ్ల ముఖమైతే అడిగి వాడండి. సర్రియలిస్టు కవులు బ్రెతోన్, అరగాన్ 1928లో పారిస్‌లోని సాల్పెత్రియేర్ ఆసుపత్రిలో ఉన్న ఒక హిస్టీరియా రోగి, ఒక అమ్మాయి, ఫొటోలు అచ్చేసి, హిస్టీరియాని గొప్ప కవితా ఆవిష్కరణ అని మెచ్చుకున్నారు. ఆ అమ్మాయి బాధ మాత్రం వాళ్లకి పట్టలేదు.

ప్రశ్న: ఫెవికాల్‌తో అతికిస్తే కాగితం ముడతలు పడుతోంది, అట్ట వంగిపోతోంది.
– పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఫెవికాల్‌లో నీళ్లుంటాయి. కాగితం తడికి సాగి, ఆరాక ముడుచుకుంటుంది. ఇంక్‌జెట్ ప్రింటైతే రంగు కూడా పాకుతుంది. లేజర్ ప్రింటే మేలు. గ్లూ స్టిక్‌ని మధ్య నుంచి అంచుల వైపు రాసి, పైన తెల్లకాగితం పెట్టి గుడ్డతో అదమండి. రాత్రంతా బరువైన పుస్తకాల కింద ఉంచండి. అడుగున కనీసం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాముల బరువు అని) అట్ట వాడండి. అప్పటికీ వంగితే అట్ట వెనక వైపు కూడా అంతే సైజు కాగితం అతికించండి, రెండు వైపులా లాగుడు సరిపోతుంది. కత్తిరించిన అంచుల్లో తెల్లగీత కనిపిస్తుంటే, అతికించే ముందే బూడిదరంగు పెన్సిల్ పక్కవాటుగా రాయండి.