గుర్తించారా, గుర్తుపట్టారా?

సందేహం: ఒక ల్యాబువాళ్ల నీటి పరీక్ష రిపోర్టులను తెలుగు చేస్తుంటాను. ఇంగ్లీషులో ‘డిటెక్ట్’, ‘ఐడెంటిఫై’ అని రెండు మాటలున్నాయి. రెండింటికీ ‘గుర్తించు’ అనే రాస్తున్నాను. తప్పా? – ఒక పాఠకురాలు, మాంబళం, చెన్నై

సమాధానం: వ్యాకరణం ప్రకారం తప్పు లేదు, అర్థం దగ్గరే చిక్కు. ‘నీళ్లలో ఇ.కోలైని (పేగుల్లో ఉండే ఒక బాక్టీరియాను) గుర్తించారు’ అంటే అది ఉందని తేలిందనా, ఉన్నది ఇ.కోలైయేనని తేలిందనా? ల్యాబులో ఇవి వేరువేరు పనులు, వేరువేరు రోజుల్లో జరిగేవి.

మొదటి రోజు, బాక్టీరియాను పెంచే మెకాంకీ ద్రవం ఉన్న గొట్టాల్లో నీళ్లు పోస్తారు. ప్రతి గొట్టంలోనూ ఇంకో బుల్లి గొట్టం బోర్లించి ఉంటుంది. 37 డిగ్రీల దగ్గర 24 నుంచి 48 గంటలు ఉంచాక ఊదారంగు ద్రవం పసుపుకు తిరిగి, బుల్లి గొట్టంలో గాలి చేరితే, లాక్టోజును (పాలలోని చక్కెరను) పులియబెట్టేదేదో ఉందన్నమాట. ఏదో ఉందని తెలిసింది తప్ప పేరు తెలియదు. డిటెక్ట్ అంటే ఇదే. దీనికి ‘జాడ కనబడింది’, ‘ఉన్నట్టు తేలింది’ చాలు. ‘కనిపెట్టారు’ మాత్రం వద్దు. చెన్నైలో తమిళ ‘కండుపిడి’ (కనుక్కో) చెవినపడుతూ ఉండటంవల్ల ఆ మాట ఇట్టే నోటికొస్తుంది గానీ, చదివేవారికి కొత్త బాక్టీరియా ఏదో బయటపడిందనిపిస్తుంది.

ఇక ఐడెంటిఫై. దీనికి ‘గుర్తుపట్టు’ ఉండగా వేరే మాట వెతకనక్కర్లేదు. ‘గుర్తించు’కు గమనించడం, ఒప్పుకోవడం అనే అర్థాలూ ఉన్నాయి (‘ప్రభుత్వం గుర్తించిన బడి’). గుర్తుపట్టాలంటే ముందే పరిచయం ఉండాలి. ఎగ్మూరు స్టేషన్లో పాత స్నేహితుణ్ణి గుర్తుపడతాం, ముక్కూమొహం తెలియనివాణ్ణి గుర్తుపట్టలేం. బాక్టీరియాతోనూ అంతే. మెకాంకీ పళ్లెం (అదే ద్రవాన్ని గట్టిపరిచి పోసిన పళ్లెం) మీద గులాబి చుక్కలు, అంటే బాక్టీరియా గుంపులు, లేచాయని ఇ.కోలై అనేస్తే కుదరదు. క్లెబ్సియెల్లా అనే మరో బాక్టీరియా చుక్కలూ గులాబీయే, కాస్త జిగురుగా ఉంటాయి. అందుకని ఒకే ఒక్క చుక్కను తీగతో తాకి, ట్రిప్టోన్ ద్రవంలో పెంచి, మర్నాడు కోవాక్స్ ద్రావణం కొన్ని బొట్లు వేస్తారు. పైన ఎర్రటి వలయం తేలితే ఇ.కోలై వైపు మొగ్గు. క్లెబ్సియెల్లా న్యుమోనియే అయితే వలయం రాదు. తీగకు పక్క చుక్క కూడా అంటిందో, ఫలితం రెండింటి కలగాపులగమే. ప్రొటీన్ల బరువులు చూసే మాల్డీ యంత్రమైనా తన జాబితాతో పోల్చే పేరు చెబుతుంది. జాబితాలో లేనిదాన్ని అదీ గుర్తుపట్టలేదు. మన ‘పోల్చుకోవడం’లో సరిచూడడం, గుర్తుపట్టడం అనే ఈ రెండర్థాలూ ఉండనే ఉన్నాయి.

మీరు అడగలేదు గానీ, ‘నాట్ డిటెక్టెడ్’ను ‘లేదు’ అని రాయకండి. ‘100 మి.లీ.లో కనబడలేదు’ అనండి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. నమూనా పట్టే సీసాలో ముందే సోడియం థయోసల్ఫేట్ వేయకపోతే, ల్యాబుకు చేరేలోగా ఆ క్లోరిన్ బాక్టీరియాను చంపుతూనే ఉంటుంది. కుళాయి తిప్పినప్పుడు ఉన్నది రిపోర్టులో కనబడకపోవచ్చు.