తీర్పు తీర్చాలా, ఇవ్వాలా?

సందేహం: మా చర్చిలో చదివే బైబిలులో దేవుడు 'తీర్పు తీర్చును' అని ఉంటుంది. ఇంజనీరింగ్ చదువుతున్న మా మనవడు అది పునరుక్తి దోషమనీ, 'తీర్పు ఇచ్చును' అనాలనీ వాదిస్తున్నాడు. 'కనికరము తీర్పును మించి అతిశయపడును' అని యాకోబు పత్రికలో ఉంది కదా, మరి కనికరానికీ తీర్పుకీ పడదా అని కూడా అడుగుతున్నాడు. కనికరం, కృప, దయ ఒకటేనా?
(మధురవాడ, విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: అమ్మా, మీ మనవడు ఆట ఆడడా, పాట పాడడా? అవి తప్పు కాకపోతే ఇదీ తప్పు కాదు. ఓర్చు నుంచి ఓర్పు, ఓదార్చు నుంచి ఓదార్పు వచ్చినట్టే తీర్చు నుంచి తీర్పు వచ్చింది. దీనికి మూలం 'తీరు'. తమిళులకీ కన్నడిగులకీ ఉన్న మాటే. సంస్కృత 'తీరం'తో దీనికి చుట్టరికం కలిపేవాళ్లున్నారు. సముద్రం ఒడ్డున ఉంటున్నాం కదా అని ప్రతి మాటనీ ఒడ్డుకి లాగకూడదు.

మనం వేటిని తీరుస్తామో చూడండి. దాహం, ఆకలి, అప్పు, మొక్కు, ముద్దు ముచ్చట. ఇప్పుడు మీ సందేహం కూడా. ఉండాల్సింది లేక ఒకరు అల్లాడుతుంటే ఆ లోటు పూడ్చడమే తీర్చడం. మా వైపు పల్లెల్లోనూ జాలారిపేటల్లోనూ పెద్దలు కూర్చుని తగువు 'తీరుస్తారు', 'ఇవ్వరు'. తగువు తీరిందంటే ఎవరో ఒకరు గెలిచారని కాదు, మర్నాడు ఇద్దరూ ఒకే తెప్ప మీద వేటకి వెళ్లగలరని. అందుకే యెషయా గ్రంథం మొదటి అధ్యాయంలో 'తండ్రిలేనివానికి న్యాయము తీర్చుడి' అన్న మాట అంత చక్కగా కుదిరింది. 96వ కీర్తనలో దేవుడు తీర్పు తీర్చడానికి వస్తున్నాడని అడవి చెట్లు కూడా సంబరపడతాయి. తీర్పంటే శిక్షే అయితే చెట్లకెందుకమ్మా సంబరం?

కొత్త నిబంధన మూలభాష గ్రీకు. అందులో తీర్పు తీర్చడానికి వాడిన మాటకి మొదటి అర్థం వేరు చేయడం, చేటతో చెరిగినట్టు. మన మాట చెరిగేది కాదు, తీర్చేది. 1805లో లండన్ మిషనరీలు క్రాన్, దెగ్రాంజ్ మన విశాఖకే వచ్చి, ఆనందరాయరు సాయంతో సువార్తలు తెలుగు చేశారు. 1812లో వాటిలో మూడు సీరాంపూరులో అచ్చయ్యాయి. తర్వాత ఎన్ని చేతులు దిద్దాయో! వాళ్లలో ఎవరూ 'న్యాయనిర్ణయం' అనే కొయ్యబొమ్మని తెచ్చి ఈ మాట స్థానంలో కూర్చోబెట్టనందుకు నాకు సంతోషం.

ఒక్క చోట మాత్రం నాకు వెలితి. సిలువ మీద క్రీస్తు పలికిన మాటల్లో ఒకటి మన బైబిలులో 'సమాప్తమైనది' అని ఉంది. అక్కడి గ్రీకు క్రియకి ముగించడమనే కాదు, పన్ను కట్టడమనే అర్థమూ ఉంది. మత్తయి సువార్త 17వ అధ్యాయంలో గుడి పన్ను దగ్గర వాడింది ఆ క్రియనే. మనకీ తీరు నుంచే తీరువా, అంటే పన్ను, వచ్చింది. నీటితీరువా కట్టిన రైతునడిగితే చెబుతాడు. పని ముగిసినా, బాకీ చెల్లినా మనం అనేది ఒకటే, 'తీరింది'. పాపపు అప్పు క్రీస్తే కట్టాడన్నది క్రైస్తవుల విశ్వాసం. ఆ చోట 'తీరింది' అని ఉంటే తీర్పూ కనికరమూ ఒకే మాటలో ఇమిడిపోయేవి. నన్నెవరూ అడగలేదనుకోండి.

మీ మనవడి వైపు కూడా కొంత బలముంది. యోహాను సువార్త 3వ అధ్యాయంలో, లోకానికి తీర్పు తీర్చడానికి దేవుడు కుమారుణ్ణి పంపలేదన్న చోట తీర్పంటే శిక్షే. యాకోబు మాట కూడా ఆ అర్థంలోదే. పగ 'తీర్చుకోవడం' కూడా ఈ ఇంటి బిడ్డే, కాదనలేం. కాబట్టి రెంటికీ పడదా అంటే, ఒక్కోచోట పడదు.

కనికరం అంటే తప్పు చేసినవాణ్ణో, కష్టంలో ఉన్నవాణ్ణో చూసి మనసు మెత్తబడడం. 'కని, కరం చాపడం' అని ప్రసంగాల్లో విడగొడుతున్నారు. అది చమత్కారమే గానీ వ్యుత్పత్తి కాదు. చర్చి వాడుకలో కృప అర్హత లేకున్నా దక్కేది. దయ అందరికీ తెలిసిందే.

ఇక 'తీర్పు ఇవ్వడం'. పత్రికలు తీర్పుని ఇస్తున్నాయి, వెలువరిస్తున్నాయి, గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో బెర్తులా రిజర్వు కూడా చేస్తున్నాయి. కుర్రాళ్లయితే 'నన్ను జడ్జ్ చేయొద్దు' అంటున్నారు. కోర్టు వార్తల్లో 'ఇచ్చింది' స్థిరపడిపోయింది, తప్పని కొట్టెయ్యలేను. నేను మాత్రం 'తీర్పు చెప్పింది' అని రాస్తాను. బైబిలు వాక్యాన్ని దిద్దే పని మాత్రం మీ మనవణ్ణి పెట్టుకోవద్దనండి.