పెరటితోట ప్రశ్నలు, జవాబులు: గొంగళిపురుగు తినడానికే పెంచే మొక్క

ప్రశ్న: మోనార్క్ సీతాకోకచిలుకలు వస్తాయని విని, నర్సరీ నుంచి ఎరుపు, పసుపు కలిసిన పూల మిల్క్‌వీడ్ (తుంచితే పాలు కారే, జిల్లేడు కుటుంబపు మొక్క) తెచ్చి పెరట్లో నాటాను. సీతాకోకచిలుకలు వచ్చాయి కానీ, వాటి గొంగళిపురుగులు ఆకులన్నీ తినేసి కాడలు మిగిల్చాయి. పైగా ఈ రకం తీసేసి స్థానిక రకం వేయాలని ఇరుగుపొరుగువారు అంటున్నారు. ఆ విత్తనాలు తెప్పించి కుండీల్లో చల్లితే ఒక్కటీ మొలవలేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, డాలస్, టెక్సస్

జవాబు: ఆకులు పోయినందుకు మీరు దిగులు పడనవసరం లేదు. రెక్కలు వచ్చిన మోనార్క్ రకరకాల పూలలో తేనె తాగి బతుకుతుంది కానీ, దాని గొంగళిపురుగుకు మిల్క్‌వీడ్ జాతి ఆకులే ఆహారం. అందుకే తల్లి వెతికి వెతికి ఈ మొక్క మీదికే వచ్చి, ఎక్కువగా ఆకు అడుగున, గుండుసూది తలంత మీగడరంగు గుడ్లను ఒక్కొక్కటిగా పెడుతుంది. దాదాపు నాలుగు రోజులకు బయటికి వచ్చిన పిల్ల ముందుగా తన గుడ్డు పెంకును తిని, ఆ తరువాత సుమారు రెండు వారాలు ఆకులు మేస్తూనే ఉంటుంది. ఆ మొక్క పాలలోని విషం పురుగు ఒంట్లో నిలిచిపోవడం వల్లనే చాలా పక్షులు దాని జోలికి రావు. ఆకు చెక్కుచెదరని మిల్క్‌వీడ్ కంటే మోడైన మిల్క్‌వీడే పని చేసినట్టు లెక్క. వేరు బాగుంటే అది మళ్లీ చిగురిస్తుంది. అయితే ఒకటి రెండు మొక్కలు పురుగులకు చాలవు కాబట్టి, అయిదారింటిని ఒకేచోట పెంచండి.

మీ ఇరుగుపొరుగువారు చెప్పినదానిలో నిజం ఉంది. మీరు తెచ్చినది ఆస్క్లెపియాస్ కురసావికా అనే ఉష్ణమండలపు రకం. స్థానిక రకాలు చలికాలానికి పైభాగమంతా ఎండి నేలలో నిద్రపోతాయి; ఇది మాత్రం మంచు పడని చోట ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది. కెనడా నుంచి, ఉత్తరాది రాష్ట్రాల నుంచి బయలుదేరిన మోనార్క్‌లు అక్టోబరులో టెక్సస్ మీదుగా మెక్సికో కొండల్లోని ఫర్ చెట్ల అడవులకు వెళతాయి. (ఆ చలికాలపు విడిది శాస్త్రవేత్తలకు తెలిసింది 1975లో, ఆ కొండల్లో ఉండేవారికి అది కొత్త సంగతేమీ కాదు.) దారిలో లేత ఆకు కనిపిస్తే కొన్ని ప్రయాణం మానుకొని అక్కడే గుడ్లు పెడతాయి. సీతాకోకచిలుకల ఒంటి నుంచి రాలిన ఓఈ అనే పరాన్నజీవి బీజాలు అదే ఆకుల మీద నెలల తరబడి పేరుకుంటాయి. వాటిని ఆకుతోపాటు తిన్న గొంగళిపురుగు, జబ్బు ముదిరితే, రెక్కలు సరిగా విచ్చుకోని సీతాకోకచిలుకగా బయటికి వస్తుంది. హ్యూస్టన్ వైపు, గల్ఫ్ తీరం వెంట ఈ బెడద ఎక్కువ. మీ డాలస్‌లో సాధారణంగా మంచు దెబ్బకే మొక్క పైభాగం చనిపోతుంది. కనుక ఇప్పుడే పీకేయవద్దు. అక్టోబరు రాగానే నేల నుంచి జానెడు లోపు ఉండేలా కోసి, ఫిబ్రవరి వరకు వచ్చిన చిగురునల్లా తుంచుతూ, ఈలోగా స్థానిక రకాన్ని సిద్ధం చేసుకోండి.

ఆ విత్తనాలు మొలవకపోవడానికి కారణం వాటికి చలి తగలకపోవడమే కావచ్చు. తడిపి పిండిన ఇసుకలో కలిపి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, నాలుగు నుంచి ఆరు వారాలు ఫ్రిజ్‌లో ఉంచి ఆ తరువాత చల్లండి. డబ్బా మీద పేరు రాయడం మరువకండి. ఫ్రిజ్ నిండా పోపు సామాన్లూ పొడులూ ఉండే మన ఇళ్లలో ఇది చిన్న జాగ్రత్తేమీ కాదు. అంత శ్రమ వద్దనుకుంటే నవంబరులో నేరుగా నేలలో చల్లి వదిలేస్తే ఆ పని చలికాలమే చేస్తుంది. మీ ప్రాంతపు నేల చాలావరకు మన నల్లరేగడి లాంటిదే కాబట్టి, అక్కడి గడ్డిమైదానాల్లో సహజంగా పెరిగే ఆస్క్లెపియాస్ విరిడిస్ రకం తీసుకోండి. దాని తల్లివేరు లోతుగా దిగుతుంది. పెద్దదయ్యాక తవ్వి మార్చితే బతకడం కష్టం. మొదటి ఏడాది పైకి పెద్దగా ఎదగకపోయినా తొందరపడకండి. నారు కొనేటప్పుడు మాత్రం పురుగుమందు వాడారా అని తప్పక అడగండి. కొన్ని మందులు మొక్క రసంలోకే ఎక్కి ఉంటాయి. ఎంత కడిగినా పోవు.

ప్రశ్న: మిల్క్‌వీడ్ లేత కాడల నిండా పసుపురంగు పేనుబంక పట్టింది. వేపనూనె కొట్టవచ్చా?
– ఒక పాఠకుడు, హ్యూస్టన్

జవాబు: కొట్టవద్దు. పేనుబంకను చంపే మందు గొంగళిపురుగునూ వదలదు, వేపనూనె కూడా అంతే. ముందు ఆకుల అడుగున గుడ్లు ఉన్నాయేమో చూసుకొని, గొట్టంతో నీళ్లు వేగంగా కొట్టండి, లేదా చేతికి తొడుగు వేసుకొని నలిపేయండి. కొద్దిపాటి పేనుబంక ఉన్నా మొక్క తట్టుకుంటుంది.

ప్రశ్న: మా డాబా మీద మిల్క్‌వీడ్ పెంచితే మోనార్క్‌లు వస్తాయా? జిల్లేడు వేసినా చాలునా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మోనార్క్ రాదు. దాని దగ్గరి చుట్టం ప్లెయిన్ టైగర్ వస్తుంది. నారింజ రంగు రెక్కలు, వాటి అంచున నలుపులో తెల్ల చుక్కలు దాని గుర్తు. రెండింటి గొంగళిపురుగులకూ పసుపు, నలుపు, తెలుపు చారలే కానీ, మోనార్క్ పిల్లకు ఒంటి మీద నల్లని తంతువులు రెండు జతలుంటే దీనికి మూడు జతలుంటాయి. రథసప్తమినాడు తల మీద పెట్టుకునే జిల్లేడు ఆకే దీనికి ఇష్టమైన మేత. జిల్లేడూ మిల్క్‌వీడూ ఒకే కుటుంబానివి కాబట్టి, హవాయి దీవుల్లో మోనార్క్ పిల్లలు కూడా జిల్లేడునే తింటాయి. అయితే జిల్లేడు పెద్ద పొద అవుతుంది. పెరడు ఉంటే నేలలో వేయండి. డాబా మీద కుండీకి ఎర్రపూల మిల్క్‌వీడే అనువైనది. మెక్సికో వలస గురించి పైన చెప్పిన అభ్యంతరం మీకు వర్తించదు కానీ, దాని గింజలు గాలికి ఎగిరి ఎక్కడపడితే అక్కడ మొలుస్తాయి కాబట్టి, కాయలు పగలకముందే కోసేయండి. రెండు మొక్కల పాలూ కంటికి ప్రమాదం. చిగుళ్లు తుంచిన చేతిని సబ్బుతో కడుక్కోండి. పొరపాటున కంట్లో పడితే ధారగా నీళ్లు పోసి కడిగి, వెంటనే కంటివైద్యుని వద్దకు వెళ్లండి.