జార్ముష్, కౌరిస్మాకి: నవ్వు ఎక్కడ దాగి ఉంటుంది?

అమెరికా దర్శకుడు జిమ్ జార్ముష్, ఫిన్లాండ్ దర్శకుడు ఆకి కౌరిస్మాకి ఇద్దరి సినిమాల్లోనూ నటుల మొహంలో ఏ భావమూ ఉండదు, తేడా తెలియడం లేదు, నవ్వూ రావడం లేదు అన్నారు కదా. మీ తప్పేం లేదండీ, పైకి ఇద్దరూ ఒకేలా అనిపిస్తారు.

జార్ముష్ 'స్ట్రేంజర్ దాన్ ప్యారడైజ్' (1984)లో ప్రతి సీనూ ఒకే షాట్, తర్వాత తెర కాసేపు నల్లగా అయిపోతుంది. విల్లీ ప్యాకెట్ భోజనం తింటుంటే, హంగరీ నుంచి వచ్చిన కజిన్ ఈవా ఆ మాంసం ఎక్కడిదని అడుగుతుంది. ఆవుదేమో అంటాడు. చూస్తే మాంసంలాగే లేదంటుంది. అంతే! జోకు ఆ మాటల్లో కంటే వాటి మధ్య సాగే మౌనంలో ఎక్కువ ఉంది. ఫోన్ చూస్తూ కూర్చుంటే మిస్సయిపోతాం.

కౌరిస్మాకి మౌనం కింద జాలి ఉంటుంది. 'ద మ్యాన్ వితౌట్ ఎ పాస్ట్' (2002)లో చనిపోయాడని డాక్టర్ తేల్చేసిన మనిషి లేచి, వంకరపోయిన ముక్కును అద్దంలో చూసుకుని సరిచేసుకుని, కట్లతోనే నడిచి వెళ్లిపోతాడు. నవ్వొస్తుంది, వెంటనే అతని మీద ప్రేమ పుడుతుంది. పేదవాళ్లను ఆయన చులకన చేయడు. అందుకే నాకు ఆయనంటే ఒక పిసరు ఎక్కువ ఇష్టం.

అన్నట్టు, కౌరిస్మాకి 'లెనిన్‌గ్రాడ్ కౌబాయ్స్ గో అమెరికా'లో కార్లు అమ్మేవాడిగా కనిపించేది జార్ముషే. మీరు ముందు 2002 సినిమా చూసి, ఆ తర్వాత 1984 సినిమాకి రండి.